మూడు చుక్కల పానా

పాత పానా ఏది చేతికి వచ్చినా ఐవర్ వాసెల్ ముందు దాన్ని కింది పెదవికి ఆనించుకుంటాడు. కొత్తవాళ్లు చూస్తే ముసలాయన ఇనుముకి ముద్దులు పెడుతున్నాడని నవ్వుకుంటారు. ఆయన ఊరు డార్లాస్టన్‌లో ఆయన ఈడువాళ్లెవరూ నవ్వరు. ఏళ్ల తరబడి అదిరే గ్రైండింగ్ చక్రం దగ్గర నిలబడ్డవాడి వేళ్లు చలికి సుద్దముక్కల్లా తెల్లబడతాయనీ, ఆ తర్వాత సూది గుచ్చినా తెలియదనీ వాళ్లకి ఎరుకే. వాళ్లలో చాలామందికి చొక్కా గుండీలు ఇంటావిడే పెట్టాలి. వేళ్లు పోయినవాడికి స్పర్శ మిగిలేది పెదవిలోనే. ఇనుము మీద వెంట్రుకంత ఎత్తు ఉన్నా పెదవి పట్టేస్తుంది.

పదిహేనో ఏట ఆయన ‘ఫెన్‌లో’ అనే ఫోర్జిలో, ఇనుము కాల్చి కొట్టే కార్ఖానాలో, చేరాడు. తండ్రి అక్కడే, మేనమామ అక్కడే, ఇంకెక్కడికి పోతాడు? ఆ రోజుల్లో బ్రెడన్ కారు కొన్న ప్రతివాడికీ డిక్కీలో ఒక కాన్వాసు చుట్ట ఇచ్చేవారు. విప్పితే వరసగా జేబులు. జేబుల్లో పానాలు, ప్లగ్ పానా, చెక్క పిడి స్క్రూడ్రైవర్, పట్టకారు, టైరు గేజి, గ్రీజు గన్. దారిలో కారు ఆగిపోతే దొరగారు స్వయంగా దిగి బాగుచేసుకోవాలన్న ఊహ. దొరగార్లు ఎప్పుడూ దిగలేదు కాబట్టే ఆ చుట్టల్లో కొన్ని ఇంకా మిగిలి ఉన్నాయి. పానాలన్నీ ఫెన్‌లో కొలిమిలో పుట్టినవే. ఎర్రగా కాలిన కడ్డీని అచ్చులో పెడితే పైనుంచి ఆవిరి సమ్మెట వచ్చి పడేది. వీధి చివరి ఇళ్లలో కూడా అలమరాల్లో కప్పులు గలగలలాడేవి. ఆ గలగల ఆగిందంటే సమ్మె మొదలైందని ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చేవారు.

పాత షెడ్డులో ముక్కల లెక్కన కూలి. మంచి పానా కొడితే జట్టుకి కూలి, పగులుపడితే కోత. ఎవరి పగులో తేల్చడానికి అచ్చు చెక్కేవాడు ఒక్కో జట్టు అచ్చులో, దవడ కింది భాగం వచ్చేచోట, చిన్న గుంటలు తొలిచేవాడు. కాలిన ఇనుము ఆ గుంటల్లోకి దూరి, చల్లారాక పానా మీద ఆవగింజంత పొక్కులుగా తేలేది. ఒకటో జట్టుకి ఒక చుక్క, రెండో జట్టుకి రెండు, మూడో జట్టుకి మూడు. కూలి కోయడానికి యజమాని పెట్టిన గుర్తే అది. అయినా మనుషులు విచిత్రమైనవాళ్లు, మూడో జట్టువాళ్లు తమ మూడు చుక్కల్ని చూసుకుని మురిసిపోయేవాళ్లు. చుట్టలోని పెద్ద పానా ఒక్కటే వాళ్లది. ఆ జట్టులో సమ్మెట మనిషి ఈనక్ ఫెలోస్. కడ్డీని పట్టకారుతో తిప్పేవాడు ఐవర్. కొన్నాళ్లకి ఈనక్ ఐవర్ చెల్లెలు ఫ్లోరీని పెళ్లాడాడు. అప్పటినుంచీ ఒకడు బావ, ఒకడు బామ్మర్ది.

తర్వాత రోడ్డుకి అవతల కొత్త షెడ్డు లేచింది. అక్కడ ఆవిరి లేదు, గాలితో నడిచే సమ్మెటలు. గంటల లెక్కన జీతం, అందుకని అచ్చుల్లో చుక్కలూ లేవు. మూడో జట్టుని మాత్రం పాత షెడ్డులోనే చాలా ఏళ్లు ఉంచారు. ఆ తర్వాత ఐవర్‌ని గ్రైండింగ్ చక్రం మీదికి మార్చారు. ఒకరోజు ఫోర్జి మూతపడింది. షెడ్డు కూలగొట్టేవాళ్లు జీతాల పుస్తకాలన్నీ పెరట్లో మంటేసి చలి కాచుకున్నారు. ఆ మంట చుట్టూ నిలబడి టీ తాగినవాళ్లలో ఐవరూ ఉన్నాడు.

పని పోయినవాడు ఏదో ఒకటి చెయ్యాలి. పాత సామాన్ల సంతలో ఒకాయన బ్రెడన్ పానాలు తుప్పుపట్టినవి అమ్ముతుంటే, అది మొదటి మోడలు కారుది కాదు, మెడ లావుగా ఉంది చూడు, కొత్త షెడ్డు కట్టిన తర్వాతి సంవత్సరాలది అని ఐవర్ ఊరికే అన్నాడు. పక్కనే నిలబడ్డ బ్రెడన్ కార్ల సంఘం మనిషి ఆ మాట విన్నాడు. అంతే, ఐవర్ పెరటి షెడ్డుకి పార్సెళ్లు రావడం మొదలైంది. ఎక్కడెక్కడి నుంచో తుప్పుముద్దలు వచ్చేవి. ఏది ఏ మోడలుదో, ఏది బ్రెడన్‌దే కాదో ఆయన వేరుచేసేవాడు. బెల్లపు మడ్డిలో వారాల తరబడి నానబెడితే తుప్పు మెత్తబడి ఊడివచ్చేది. వైరు బ్రష్షు, ఆకురాయి, చివర నల్ల పూత. కాన్వాసు చిరిగితే ఫ్లోరీ కుట్టిపెట్టేది.

సంఘం వాళ్లకి ఏటా పోటీ ఉంటుంది. కార్లన్నీ గడ్డి మైదానంలో వరసగా నిలబెట్టి, డిక్కీ వెనక గుడ్డ పరిచి, పనిముట్లు పేర్చిపెడతారు. జడ్జీలు వంగి, భూతద్దం పెట్టి చూసి మార్కులు వేస్తారు. వాళ్ల దగ్గర ఒక పాత ఫొటో ఉంది. కారు కంపెనీ ఎప్పుడో ప్రదర్శన కోసం ప్రత్యేకంగా మెరుగు పెట్టించిన పనిముట్ల ఫొటో అది. అందులో పానా దవడ కింద నున్నగా ఉంది. కాబట్టి చుక్కలుంటే లోపం, మార్కు తగ్గుతుంది. కాన్వాసు కుట్టిన దారం ఏ రంగో వాదులాడుకునే ఆ పెద్దమనుషులకి పానా కొట్టిన చెయ్యి ఒకటి ఉండేదన్న సంగతి తట్టనే లేదు.

ఐవర్‌కి తట్టలేదా అంటే తట్టింది. మొదటిసారి మూడు చుక్కల మీద ఆకురాయి పెట్టినప్పుడు ఒక క్షణం ఆగాడు. అడిగినవాడు అడిగినట్టు చేయించుకుంటాడు, మనకెందుకు అనుకుని గీసేశాడు. రెండోసారి ఆగలేదు. పాతికేళ్లకి దగ్గరగా అదే పని. ఆ జిల్లాలో పోటీకి వెళ్లే బ్రెడన్ కార్లలో ఐవర్ చెయ్యి పడని చుట్ట లేదు. సంఘం పత్రికలో ఆయన పనితనం గురించి రాశారు, ఫ్లోరీ ఆ కాగితం కత్తిరించి తన ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించింది. తమ జట్టు ఆనవాలుని తన చేత్తోనే తుడిచేస్తున్నానన్న మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఒక యేడు చలికాలంలో ఈనక్ తను పెంచుకునే పావురాల గూటికి మెట్లెక్కలేక మధ్యలో మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయాసం వయసు వల్ల అనుకున్నారు. ఆస్పత్రివాళ్లు ఊపిరితిత్తుల చుట్టూ నీరు తీశారు, మళ్లీ పట్టింది, మళ్లీ తీశారు. చివరికి పెద్ద డాక్టరు కూర్చోబెట్టి చెప్పాడు. ఆస్బెస్టాస్ ధూళి ఎన్నడో లోపలికి పోయి, ముప్పై నలభై ఏళ్లు నిద్రపోయి, ఇప్పుడు లేచిందట. మందు లేదు. వేసవి దాటడం కష్టం.

ఆ ధూళి ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. పాత షెడ్డులో ఆవిరి గొట్టాలకి చుట్టబెట్టిన తెల్లటి పొరలు సమ్మెట పడ్డ ప్రతిసారీ పొడి రాల్చేవి. అన్నం డబ్బా మూత తీస్తే రొట్టె మీద రాలేది. మంచు కురుస్తోందిరా అని నవ్వుకుంటూ ఊదుకుని తినేవాళ్లు.

ఫ్లోరీ యూనియన్ ఆఫీసుకి వెళ్లింది. యూనియన్ తరఫున కేసులు చూసే లాయరు నస్రీన్ అస్లమ్ ఇంటికి వచ్చింది. చిన్న వయసు, నెమ్మదైన మనిషి. ఈనక్ మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఏం కావాలని అడిగింది. ఈనక్ ఊపిరి కూడదీసుకుని, ఫ్లోరీకి ఏదైనా వస్తే మంచిదే అన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు.

"డాక్టర్ల దగ్గర నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ, పొగ తాగేవాడివి కదా అంటున్నారమ్మా. నా అంతట నేను చచ్చిపోతున్నట్టు. ఇది ఆ షెడ్డు చేసిన పనని ఎవరైనా కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అది చూసి పోతాను."

ఆ మాట రాయించడమే ఇక మిగిలిన పని. ఫోర్జి ఎప్పుడో పోయింది, దానికి బీమా చేసిన కంపెనీ ఉంది. ఆ కంపెనీవాళ్లు జవాబు రాశారు. కొత్త షెడ్డు కట్టగానే సమ్మెట జట్లన్నీ అందులోకి మారాయనీ, అక్కడ ఆవిరీ లేదు ఆస్బెస్టాసూ లేదనీ, ఈనక్ పాత షెడ్డులో పనిచేసింది మహా అయితే కొద్ది నెలలనీ. కాదనడానికి జీతాల పుస్తకాలు లేవు. జట్టులో మిగతావాళ్లు చనిపోయారు. మిగిలింది ఐవర్ ఒక్కడు, ఆయనేమో సొంత బామ్మర్ది.

"మీ సాక్ష్యం రాసుకుంటాను వాసెల్ గారూ. కానీ ముసలాయన జ్ఞాపకం, పైగా బంధువు అంటారు. మాట కాకుండా వస్తువు ఏదైనా ఉందా? ఫొటో, బిళ్ల, ఏదైనా సరే," అని నస్రీన్ అడిగింది.

ఈనక్ ఐవర్ వైపు చూశాడు. ముందు ఆయనకే తట్టింది.

"చుక్కలు, బామ్మర్దీ. మన చుక్కలు."

లావు మెడ పానా కొత్త షెడ్డు వచ్చిన తర్వాతి కార్లకే ఇచ్చారు. చుక్కలు పాత షెడ్డు అచ్చుల్లోనే ఉండేవి. లావు మెడ మీద మూడు చుక్కలు కనిపిస్తే, ఆ సంవత్సరాల్లో మూడో జట్టు ఇంకా ఆవిరి సమ్మెట కిందే ఉందని ఆ పానాయే చెబుతుంది. నస్రీన్‌కి వెంటనే అర్థమైంది. ఆమె కళ్లలో మొదటిసారి వెలుగు కనిపించింది. అలాంటిది ఒక్కటి దొరికితే బీమావాళ్లని కూర్చోబెట్టి మాట్లాడతానంది.

"ఒక్కటేంటమ్మా," అన్నాడు ఈనక్. "వీడి షెడ్డు నిండా అవే. ఈ జిల్లాలో బ్రెడన్ పానా అంటే వీడి చేతిమీదుగా పోవాల్సిందే. మా బామ్మర్ది పేపర్లో పడ్డాడు, తెలుసా?"

ఐవర్ ఫ్రిజ్ వైపు చూడకుండా, వెతుకుతానని మాత్రం అన్నాడు.

వెతకడం ఆ సాయంత్రమే మొదలైంది. షెడ్డులో ఉన్న డబ్బాలన్నీ కుమ్మరించాడు. ఒక్కో పెద్ద పానానీ పెదవికి పెట్టుకున్నాడు. నున్నగా, చల్లగా. అన్నీ తను చేసినవే. తను చెయ్యనివి సన్నమెడవి, పనికిరావు. పాత ఖాతాదారులకి ఫోన్లు చేశాడు. మీ చుట్టలో పెద్ద పానా దవడ కింద ఏమైనా గరుగ్గా తగులుతోందా అని అడిగితే, అబ్బే, మీరు చేశాక అద్దంలా ఉంది ఐవర్, పోటీలో ఒక్క మార్కు పోలేదు అని మెచ్చుకునేవాళ్లు. మెచ్చుకున్న ప్రతిసారీ ఆయన కృతజ్ఞతలు చెప్పి ఫోన్ పెట్టేసేవాడు.

ఆదివారాలు పాత సామాన్ల సంతలకి తిరిగాడు. బురద మైదానాల్లో టార్పాలిన్ల మీద కుప్పలు పోసిన ఇనుము, వాన, ఉడికించిన బఠాణీలూ పందిమాంసమూ అమ్మే బండి. వంగి వంగి ఒక్కో పానా తీసి పెదవికి ఆనించుకుంటూ వరసల వెంట నడిచేవాడు.

"ఏం పెద్దాయనా, ఇంట్లో ఆవిడ మాట్లాడ్డం మానేసిందా?" అని ఒక కొట్టువాడు అడిగాడు. "నా సరుకంతా ఎంగిలి చేస్తున్నావు. ఆ గ్రీజు గన్‌తో కూడా ఓ మాట చెప్పిపో, పాపం ఒంటరిగా పడుంది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఐవరూ నవ్వాడు. ఆ కుప్పలో ఒక చుక్క ఉన్న చిన్న పానా దొరికింది, తర్వాతి వారం రెండు చుక్కలవి రెండు. కొనుక్కుని జేబులో వేసుకున్నాడు. అవి వేరే జట్లవి, ఈనక్‌కి ఏ సాయమూ చెయ్యవు. పెద్ద పానాలు సంతల్లో దొరకడం అరుదు, చక్రం బోల్టులకి పనికొస్తుందని జనం పారేసేదాకా వాడేస్తారు. దొరికినవి రెండు. రెండూ తన ఆకురాయి గీతలున్నవే. తన గీత తనకి తెలియదా?

ఇంటికి వచ్చినప్పుడల్లా ఈనక్ అడిగేవాడు. పక్కన ఆక్సిజన్ సిలిండరు బుసకొడుతుండేది.

"ఏదీ?"

"దొరుకుతుంది బావా. ఓపిక పట్టు."

"నాకున్నది ఓపికేరా. ఊపిరే లేదు."

అప్పుడైనా చెప్పెయ్యాల్సింది. గొంతు దాకా వచ్చేది. ఫ్లోరీ టీ పట్టుకుని రాగానే మింగేసేవాడు. అన్నయ్యా, నువ్వు తిరగకపోతే ఆయనకి ఈ మాత్రం ఆశ కూడా లేదు అని ఆమె గుమ్మం దగ్గర అనేది. దాంతో మర్నాడు మళ్లీ తిరిగేవాడు.

వసంతం మొదట్లో లాచ్‌ఫర్డ్ ఫోన్ చేశాడు. సంఘంలో పాత సభ్యుడు, మర్యాదస్తుడు, తన కార్ల పనిముట్లన్నీ ఐవర్ దగ్గరే చేయించుకున్నవాడు. ఎవరో డాక్టరుగారి భార్య చనిపోతే ఆవిడ గరాజులో ఏళ్ల తరబడి కదలని బ్రెడన్ దొరికిందనీ, చుట్ట ముడి కూడా విప్పలేదనీ, మీరే చూసిపెట్టాలనీ అన్నాడు. ఐవర్ పెద్ద పానా ఒక్కసారి తీసి చూడమన్నాడు. మెడ లావా, సన్నమా? లావే. దవడ కింద?

ఫోన్లో గోటితో గీకుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత లాచ్‌ఫర్డ్, తుప్పులో సరిగా తెలియడం లేదు కానీ పొక్కుల్లాంటివి ఉన్నాయి, రెండో మూడో, ఎప్పటిలాగే తీయించెయ్యాలి అన్నాడు.

ఐవర్ గోడకి ఆనుకున్నాడు. అక్కడ ఆయన చెప్పాల్సింది ఒక్క మాట. దాన్ని ముట్టుకోవద్దు, ఆ పొక్కుల మీద ఒక మనిషి కేసు నిలబడి ఉంది అని. ఆ మాట చెబితే తర్వాత ప్రశ్న తప్పదు. అంత విలువైనవైతే ఇన్నాళ్లూ మా పానాల మీద ఎందుకు గీసేశారు, మాతో ఒక్క మాటైనా చెప్పలేదేం అని. నా బావని నేనే చెరిపేశాను లాచ్‌ఫర్డ్ గారూ అని ఫోన్లో ఎలా చెబుతాడు? అందుకని మాట చుట్టు తిప్పాడు. ఆ పానా కొట్టిన మనిషి ఇంకా బతికే ఉన్నాడనీ, తన బావేననీ, జబ్బుగా ఉన్నాడనీ, పోయేలోగా ఒకసారి చేత్తో పట్టుకోవాలని ఉందనీ చెప్పాడు. కొద్దిరోజులు అరువిస్తే చాలన్నాడు. రేపే వచ్చి తీసుకెళ్తానన్నాడు.

లాచ్‌ఫర్డ్ కదిలిపోయాడు. అరువేమిటి, ఆయనకే ఇచ్చేస్తానన్నాడు. జబ్బు మనిషిని వదిలి మీరు రావద్దు, శనివారం నేనే స్వయంగా తెచ్చి ఆయన చేతిలో పెడతాను, నాకు గౌరవం అన్నాడు. ఐవర్ కాదనలేకపోయాడు. నస్రీన్‌కి ఫోన్ చేసి చెబితే ఆమె కూడా శనివారం వస్తానంది. ఈనక్‌కి చెబితే, ఆయన ఫ్లోరీ చేత గడ్డం గీయించుకున్నాడు.

శనివారం ముందుగదిలో మంచం కిటికీ వైపు తిప్పారు. ఫ్లోరీ కేకు కోసింది. లాచ్‌ఫర్డ్ కోటు వేసుకుని వచ్చాడు. చేతిలో చిన్న చెక్కపెట్టె, లోపల నీలం మఖమల్. ఐవర్ ఆ పెట్టె చూడగానే కుర్చీలోంచి సగం లేచాడు.

"ఫెలోస్ గారూ," అన్నాడు లాచ్‌ఫర్డ్, నిజంగానే తడబడుతూ. "మీరు చేసిన వస్తువు తుప్పుతో మీ చేతికివ్వడం నాకు మనసొప్పలేదు. మా ఊళ్లో కుర్రాడొకడు ఉన్నాడు, మన ఐవర్ పద్ధతే నేర్చుకున్నాడు. అచ్చం ఐవర్ చేసినట్టే చెయ్యాలని దగ్గరుండి చేయించాను."

పెట్టె తెరిచాడు. పానా నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. కిటికీలోంచి పడ్డ ఎండ దాని వీపు మీద గీతలా మెరిసింది.

ఈనక్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. బరువు చూసుకున్నాడు. బొటనవేలు దవడ కిందికి పోయింది. అటు జరిగింది, ఇటు జరిగింది. మళ్లీ అటు. సమ్మెట మనిషి వేళ్లు చక్రం పట్టినవాడి వేళ్లలా పోలేదు, బతికే ఉన్నాయి. ఏమీ తగలకపోయేసరికి తలెత్తి ఐవర్‌ని చూశాడు.

"నీ పెదవితో చూడరా."

ఐవర్ లేచి వెళ్లి తీసుకుని, అందరూ చూస్తుండగా కింది పెదవికి ఆనించుకున్నాడు. తాజా నూనె వాసన. చల్లగా, నున్నగా, తన పనిలాగే తప్పుపట్టడానికి లేకుండా ఉంది. తల అడ్డంగా ఊపాడు.

నస్రీన్ లాచ్‌ఫర్డ్‌ని గుమ్మంలోకి తీసుకెళ్లి మెల్లగా సంగతి చెప్పింది. అక్కడినుంచి ఆయన మొహం ఐవర్‌కి కనిపిస్తూనే ఉంది. మనిషి తెల్లబోయాడు. తుప్పులో చూసిన పొక్కులు మూడేనని ప్రమాణం చెయ్యగలరా అని ఆమె అడిగింది. ఆయన చెయ్యలేనన్నాడు. రెండో మూడో చూశాను, అబద్ధం చెప్పలేను, నన్ను క్షమించండి అన్నాడు. కుర్రాడికి ఫోన్ చేసి కనుక్కుంటే, వాడు లెక్కపెట్టలేదట. లోపాన్ని ఎవరు లెక్కపెడతారు? కేకు ముట్టకుండానే లాచ్‌ఫర్డ్ వెళ్లిపోయాడు. మంచి మనిషే. మంచితనం ఆ రోజు గదిలో అందరి దగ్గరా ఉంది, ఎందుకూ పనికిరాలేదు.

నస్రీన్ కూడా వెళ్లాక, ఫ్లోరీ వంటింట్లో కప్పులు కడుగుతుండగా, ఐవర్ మంచం పక్కన కూర్చుని చెప్పేశాడు. ఫొటో సంగతి, మార్కుల సంగతి, మొదటిసారి ఆగిన క్షణం, తర్వాత ఆగకపోవడం. లాచ్‌ఫర్డ్‌కి నిజం చెప్పకపోవడానికి కారణం కూడా.

ఈనక్ కళ్లు మూసుకుని విన్నాడు. 

"అయితే పాతికేళ్లుగా నన్ను గీకుతున్నావన్నమాట."

"అవును బావా."

"మన కూలి కోసినవాడు కూడా నెలకోసారే కోసేవాడు కదరా." నవ్వబోయాడు. నవ్వు దగ్గైంది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఐవర్ వీపు నిమురుతూ కూర్చున్నాడు. తన వేళ్ల కింద ఎముకలు తగులుతున్నాయో లేదో కూడా ఆయనకి తెలియలేదు. ఊపిరి అందాక ఈనక్, పానాని కిటికీలో పెట్టమన్నాడు. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా ఉంటుంది, దానికైనా పనికిరానీ అన్నాడు.  తిట్టి ఉంటే ఐవర్‌కి తేలికయ్యేది.

మర్నాడు ఐవర్ ఇంకో పెద్ద పానా బల్ల మీద బిగించాడు. ఇనుము మీద గుర్తు పొడిచే పంచ్ తీశాడు, చిన్న సుత్తి తీశాడు. మూడు చుక్కలు ఎక్కడ ఉండాలో, వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో ఆయన కన్నా తెలిసినవాడు లోకంలో లేడు. ఎవరు కనిపెడతారు? పంచ్ దవడ మీద ఆనించాక సుత్తి లేవలేదు. భయమూ కాదు, నీతీ కాదు. పంచ్ కొడితే గుంట పడుతుంది. వాళ్ల చుక్కలు గుంటలు కావు, పైకి తేలిన పొక్కులు. అచ్చులోంచి ఇనుముతో పాటు పుట్టినవి. ఇనుములోంచి తియ్యడమే చెయ్యి చెయ్యగలదు. తీసినదాన్ని మళ్లీ మొలిపించడం ఏ ఆకురాయి వల్లా కాదు. ఇదంతా పంచ్ తీసేముందే తెలుసు ఆయనకి. అయినా తీశాడు.

ఐవర్ సాక్ష్యం మీదే నస్రీన్ కేసు పంపింది. బీమావాళ్లు ఆమె ముందే చెప్పిన మాటలే రాశారు. బంధువు, వయసు, జ్ఞాపకం. ఆమె మళ్లీ రాసింది, వాళ్లు మళ్లీ గడువు అడిగారు. గడువులు అడగడానికి వాళ్లకి తీరిక ఉంది. ఈనక్‌కి లేదు. వసంతం చివర్లో, లైలాక్ పూలు వాడిపోయే రోజుల్లో, ఫ్లోరీ పావురాలకి గింజలు వేసి వచ్చేసరికి పోయాడు. మరణ విచారణ జరిపిన అధికారి, పని వల్ల వచ్చిన జబ్బు అని రాశాడు. ఎక్కడి పని అనేచోట, నిర్ధారణ కాలేదు అని రాశాడు. అంతవరకే వచ్చింది.

ఐవర్ షెడ్డుకి పార్సెళ్లు ఇంకా వస్తున్నాయి. దవడ కింద గియ్యనని ముందే చెప్పేస్తున్నాడు. మార్కులు పోతాయని చాలామంది లాచ్‌ఫర్డ్ ఊరి కుర్రాడి దగ్గరికి మారిపోయారు. జడ్జీలకి ఉత్తరం రాస్తే, ఆధారం ఏమైనా ఉంటే పంపమని మర్యాదగా జవాబిచ్చారు.

అంత్యక్రియలు అయిన వారానికి ఫ్లోరీ కిటికీలోని పానా తీసి, తువ్వాలులో చుట్టి ఐవర్ చేతికిచ్చింది.

"నువ్వే ఉంచుకో అన్నయ్యా. దాని మెరుపు చూస్తే నాకు ఒళ్లు మండుతోంది."

ఆమెకి ఈనక్ చెప్పాడో, ఆ రోజు వంటింట్లోంచి తనే విన్నదో ఐవర్ అడగలేదు. ఫ్రిజ్ మీద కాగితం ఉండే చోట జిగురు మరక మాత్రం ఉంది.

బస్సులో వెనక సీట్లో కూర్చుని తువ్వాలు విప్పాడు. చినుకులు పడుతున్నాయి, అద్దాలు మసకబారాయి. పక్క సీట్లో సంచులు సర్దుకుంటున్నావిడ తనని చూస్తోందని తెలుసు. పానా ఎత్తి పెదవికి ఆనించుకున్నాడు. కొంచెం పక్కకి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. ఇంటి స్టాపు దాటిపోయేదాకా అలాగే వెతుకుతూ కూర్చున్నాడు.